సంక్రాంతి నుంచి వేసవి దాకా: క్యాంపస్‌లో ఒక సెమిస్టరును వాడుకునే పద్ధతి

సంక్రాంతి సెలవులు ముగిసి కళాశాలలు తిరిగి తెరిచిన నాటి నుంచి వేసవి సెలవులు మొదలయ్యే దాకా సాగే నాలుగు నెలల కాలాన్ని విశ్వవిద్యాలయాల పరిభాషలో ఈవెన్ సెమిస్టరు అంటారు; అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అనే సరిసంఖ్యలతో గుర్తించే సెమిస్టరు. పాఠ్యప్రణాళిక దృష్టిలో ఇది విద్యాసంవత్సరపు రెండో సగం మాత్రమే అయినా, తరగతి గది వెలుపలి కార్యక్రమాల దృష్టిలో మొదటి సగానికి దీనికి పోలిక లేదు. సాంస్కృతిక, సాంకేతిక ఉత్సవాలు, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలు, సైన్స్ దినోత్సవ ప్రదర్శనలు, వేసవి ఇంటర్న్‌షిప్‌ల దరఖాస్తులు, పీజీ ప్రవేశ పరీక్షలు, వాటితోపాటే మిడ్ పరీక్షలు, అన్నీ ఈ నాలుగు నెలల్లోనే ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వీటిలో చాలావాటిని అందుకోవడానికి అసాధారణ ప్రతిభ కంటే ముందుచూపే ఎక్కువ అవసరం. ఆ ముందుచూపును ఎలా అలవరచుకోవచ్చో ఈ అధ్యాయం వివరిస్తుంది.

ఒక్కో అవకాశానికి రెండు తేదీలు

ప్రతి అవకాశానికీ రెండు తేదీలు ఉంటాయి. మొదటిది నోటీసులో అచ్చయ్యే చివరి తేదీ, రెండోది నోటీసులో ఎక్కడా కనిపించని, పని మొదలుపెట్టవలసిన తేదీ. విద్యార్థుల్లో అత్యధికులు మొదటి తేదీని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు కాబట్టి, నోటీసు బోర్డు ముందు నిలబడిన ప్రతిసారీ తప్పిపోయిన అవకాశాల జాబితానే చదువుతున్నట్టు అనిపిస్తుంది. అదను దాటిన తరువాత ఎంత మేలైన విత్తనం చల్లినా పంట చేతికి రానట్టే, చివరి తేదీ నాడు మొదలుపెట్టిన దరఖాస్తు ఎంత చురుకైన విద్యార్థిదైనా అరకొరగానే మిగులుతుంది.

ఈ రెండో తేదీని కనిపెట్టడానికి చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి. ఒక వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్‌కు ఫిబ్రవరి 28 చివరి తేదీ అనుకుందాం. దరఖాస్తుతో సాధారణంగా నాలుగు పత్రాలు జతచేయాలి: మార్కుల జాబితా, అభ్యర్థి ఫలానా కళాశాలలో చదువుతున్నట్టు ధ్రువీకరించే బోనఫైడ్ సర్టిఫికెట్, అధ్యాపకుల సిఫారసు లేఖ, అభ్యర్థి తన ఆసక్తిని వివరిస్తూ రాసే ఒక పేజీ వ్యాసం. బోనఫైడ్ కోసం ఆఫీసులో అర్జీ పెడితే గుమస్తా దగ్గర నుంచి ప్రిన్సిపాల్ సంతకం దాకా వెళ్లి రావడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. మధ్యలో రెండో శనివారమో శివరాత్రి సెలవో వస్తే అది వారానికి చేరుతుంది. సిఫారసు లేఖ రాసే అధ్యాపకులకు కనీసం రెండు వారాల వ్యవధి ఇవ్వడం మర్యాద. ఆసక్తి వ్యాసం చిత్తుప్రతి రాసి, ఎవరికైనా చూపించి, తిరగరాయడానికి మరో పది రోజులు కావాలి. పైగా ఆ వ్యాసం చేతిలో ఉంటే తప్ప అధ్యాపకులు అర్థవంతమైన లేఖ రాయలేరు. ఈ లెక్కలన్నీ కలిపితే, ఫిబ్రవరి చివర ముగిసే అవకాశం నిజానికి సంక్రాంతి సెలవుల నుంచి తిరిగివచ్చిన వారంలోపే మొదలైపోయిందని తేలుతుంది.

కొన్ని అవకాశాల విషయంలో ఈ వ్యవధి మరింత ఎక్కువ. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు, అంటే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ, ఢిల్లీలోని భారత జాతీయ విజ్ఞాన అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని జాతీయ విజ్ఞాన అకాడమీ, ఉమ్మడిగా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌లో విద్యార్థి వేసవిలో రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తాడు. కానీ దాని దరఖాస్తుల గడువు సాధారణంగా అంతకు ముందు సంవత్సరం నవంబరు ప్రాంతంలోనే ముగిసిపోతుంది. కాబట్టి ఈ సెమిస్టరులో ఒక అవకాశం చేజారిపోయినట్టు తెలిసినా, దాని తేదీని వచ్చే సంవత్సరపు క్యాలెండరులో రాసిపెట్టుకున్న విద్యార్థి పూర్తిగా నష్టపోయినట్టు కాదు.

ఉత్సవాలు: చూసేవారు, పోటీపడేవారు, నడిపేవారు

క్యాంపస్‌లలో ఫెస్ట్ అని పిలుచుకునే ఉత్సవాల్లో ప్రముఖమైనవి చాలావరకు సంవత్సరపు తొలి నెలల్లోనే జరుగుతాయి. మద్రాసు ఐఐటీలో శాస్త్ర, సారంగ్ ఉత్సవాలు జనవరిలో జరుగుతుండగా, హైదరాబాద్ ఐఐటీలో ఎలాన్ అండ్ ఎన్‌విజన్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఫెలిసిటీ, వరంగల్ ఎన్‌ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీ తెలుగు విద్యార్థులకు చిరపరిచితాలు. వీటిలోని అనేక పోటీల్లో ఇతర కళాశాలల విద్యార్థులు కూడా పాల్గొనవచ్చు గనుక, జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో చదివే విద్యార్థికి సైతం అక్కడి క్విజ్‌లో, వక్తృత్వ పోటీలో, కోడింగ్ పోటీలో తన స్థాయి ఎంతో తెలుసుకునే వీలు ఉంటుంది.

ఉత్సవంలో విద్యార్థి మూడు రకాలుగా పాల్గొంటాడు: ప్రేక్షకుడిగా, పోటీదారుగా, నిర్వాహకుడిగా. వీటిలో వ్యక్తిత్వ వికాసానికి అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించేది మూడోది. విచిత్రంగా దానికే పోటీ తక్కువ. వేదిక మీద పాడేందుకు పేర్లిచ్చేవారు పదుల్లో ఉంటారు గాని, సౌండ్ సిస్టం అద్దెకు బేరమాడేందుకు, పోలీసు స్టేషనుకు అనుమతి కాగితం పట్టుకువెళ్లేందుకు ముందుకొచ్చేవారు ఏ కళాశాలలోనైనా ఒకరిద్దరే.

నిర్వహణలో దొరికే శిక్షణ ఎంత నిర్దిష్టమైనదో తెలియడానికి ఖర్చుల లెక్క ఒక్కటి చూస్తే చాలు. కళాశాల నుంచి అడ్వాన్సుగా తీసుకున్న సొమ్ముకు ఉత్సవం ముగిశాక బిల్లులతో సహా లెక్క అప్పజెప్పాలి. బ్యానర్లు ముద్రించిన షాపు, కుర్చీలు పంపిన టెంట్ హౌస్, భోజనాలు వండిన క్యాటరర్, ఒక్కొక్కరి నుంచి కళాశాల పేరుతో రాసిన, తేదీ, సంతకం ఉన్న బిల్లు తెచ్చుకోవాలి. ఆటో చార్జీల వంటి బిల్లు రాని ఖర్చుకు వోచరు రాసి, డబ్బు తీసుకున్నవారి సంతకం చేయించాలి. మిగిలిన సొమ్ము తిరిగి జమ చేసి రసీదు తీసుకోవాలి. తెల్లకాగితం మీద రాసిన బిల్లును అకౌంట్స్ సెక్షన్ తిప్పి పంపినప్పుడు, ఉత్సవం ముగిసిన పది రోజులకు ఆ టెంట్ హౌస్ చుట్టూ తిరగవలసి వచ్చిన కోశాధికారి, డబ్బు చెల్లించే క్షణంలోనే బిల్లు అడగాలన్న పాఠాన్ని జన్మలో మరిచిపోడు. ఇంటర్వ్యూలో నాయకత్వ లక్షణాల గురించి అడిగినప్పుడు, ఎంత సొమ్ముకు తాను బాధ్యత వహించాడో, దాన్ని ఎలా ముగించాడో చెప్పగల అభ్యర్థి మాటకు సహజంగానే బరువు ఉంటుంది.

సైన్స్ దినోత్సవం: చిన్న అంశాన్ని లోతుగా చూడటం

సర్ సి.వి. రామన్ కాంతి పరిక్షేపణకు సంబంధించిన తన ఆవిష్కరణను 1928 ఫిబ్రవరి 28న ప్రకటించగా, 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న ఈ శాస్త్రవేత్త ఆవిష్కరణకు గుర్తుగా 1987 నుంచి ఏటా ఫిబ్రవరి 28ని జాతీయ సైన్స్ దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆ సందర్భంగా దాదాపు ప్రతి కళాశాలలోనూ పోస్టర్లు, నమూనాలు, ఉపన్యాసాలు, క్విజ్‌లు ఉంటాయి. ఎంపిక పరీక్షగాని రుసుముగాని లేకుండా విద్యార్థికి అందే తొలి పరిశోధన వేదిక తరచుగా ఇదే.

అయితే ఈ ప్రదర్శనల్లో ఏటా కనిపించే పోస్టర్లు ఎక్కువ భాగం నీటి కాలుష్యం, భూతాపం వంటి అతి విశాలమైన శీర్షికలతో, ఇంటర్నెట్ నుంచి దించిన బొమ్మలతో నిండి ఉంటాయి. అదే నీటి అంశాన్ని చిన్నదిగా కుదించి, నల్లగొండ పద్ధతిని ఎంచుకున్న విద్యార్థి ఏం చేయగలడో పరిశీలించవచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వసతి లేనిచోట గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఈ పరిమితి దాటిన బోరునీళ్లు దశాబ్దాలుగా నల్లగొండ జిల్లాలో ఎముకలను, పళ్లను దెబ్బతీసిన ఫ్లోరోసిస్ వ్యాధికి కారణమయ్యాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, ఈ నీటిని శుద్ధి చేయడానికి రూపొందించిన విధానానికే నల్లగొండ పద్ధతి అని పేరు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి బాగా తిప్పితే ఏర్పడే జిగురులాంటి ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీటిని వడకట్టుకుంటే శుద్ధి పూర్తవుతుంది.

ఒక బకెట్ బోరునీళ్లు, పచారీ కొట్లో దొరికే పటిక, కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఫ్లోరైడ్ కొలిచే సదుపాయం ఉంటే, శుద్ధికి ముందూ తరువాతా వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూపవచ్చు. న్యాయనిర్ణేత పటిక మోతాదును ఎలా నిర్ణయించారని అడిగినప్పుడు, అది నీటిలోని ఫ్లోరైడ్ మీద మాత్రమే గాక నీటి క్షారగుణం మీద కూడా ఆధారపడుతుందని, అందుకే రెండు మూడు మోతాదులతో ప్రయోగం చేసి చూశామని జవాబు చెప్పగల విద్యార్థికి బహుమతి వచ్చినా రాకపోయినా, ఆ పని మరుసటి మెట్టుకు పనికివస్తుంది. తెలంగాణలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులు ఇలాంటి పనినే విస్తరించి, జిజ్ఞాస పేరుతో జరిగే అధ్యయన ప్రాజెక్టుల పోటీకి సమర్పించవచ్చు. ఇతరులు దాన్నే ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో తమ ఆసక్తికి నిదర్శనంగా చూపవచ్చు.

సేవ, ప్రసంగం, శిక్షణ

గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలని, దానితోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలని నిర్దేశిస్తుంది. ఈ శిబిరాలు ఎక్కువగా ఇదే సెమిస్టరులో, కళాశాల దత్తత తీసుకున్న గ్రామంలో జరుగుతాయి. బడి ఆవరణ శుభ్రం చేసి ఫొటో దిగడంతో శిబిరం ముగిసిందనుకునే విద్యార్థికి సర్టిఫికెట్ మాత్రమే దక్కుతుంది. ఇంటింటి సర్వేలో అడిగిన ప్రశ్నలను, వచ్చిన జవాబులను శ్రద్ధగా నమోదు చేసుకున్నవారికి ఒక అధ్యయనానికి సరిపడా ముడిసరుకు దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం తరువాతి వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయవలసి ఉంటుంది కాబట్టి, ఊరు, అంశం రెండింటినీ శిబిరం నాటికే ఎంచుకోవడం వల్ల వేసవిలో సగం శ్రమ తగ్గుతుంది.

ప్రసంగ నైపుణ్యం పెంచుకోదలచిన 18 నుంచి 25 ఏళ్లలోపువారికి, 2019లో ప్రారంభమైన జాతీయ యువజన పార్లమెంటు ఉత్సవం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో వేదిక కల్పిస్తుంది. ఎన్‌సీసీ క్యాడెట్లకు సంబంధించినంతవరకు, రెండో ఏట రాసే బీ సర్టిఫికెట్, మూడో ఏట రాసే సీ సర్టిఫికెట్ పరీక్షలు ఈ నెలల్లోనే వస్తాయి; సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు సాధించి, నిర్ణీత మార్కులతో డిగ్రీ పూర్తిచేసినవారు రాతపరీక్షతో పనిలేకుండా సైనికాధికారి ఎంపిక ఇంటర్వ్యూకు దరఖాస్తు చేసుకునే ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశ పథకం ఒకటుంది.

వేసవి ఇంటర్న్‌షిప్: దరఖాస్తులో ఒక పేజీ

అనేక ఐఐటీలు ఇతర కళాశాలల విద్యార్థులకు వేసవిలో పరిశోధన ఇంటర్న్‌షిప్‌లు ఇస్తాయి. మద్రాసు ఐఐటీ వేసవి ఫెలోషిప్, హైదరాబాద్ ఐఐటీలో ష్యూర్ పేరుతో నడిచే కార్యక్రమం ఇందుకు ఉదాహరణలు. వీటి ప్రకటనలు సాధారణంగా ఈ సెమిస్టరు మధ్యలోనే వెలువడతాయి. సాఫ్ట్‌వేర్ విద్యార్థుల కోసం 2005లో గూగుల్ ప్రారంభించిన సమ్మర్ ఆఫ్ కోడ్‌లో, ఓపెన్ సోర్స్ సంస్థలకు, అంటే మూలకోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచే సంస్థలకు, కోడ్ రాసినవారికి భృతి లభిస్తుంది. పాల్గొనే సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో, అభ్యర్థుల దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి కాబట్టి, ఆ మధ్యకాలంలో ఏదైనా ఒక సంస్థ కోడ్‌లో చిన్న లోపాన్ని సరిదిద్ది పంపినవారు ఎంపికదారుల కళ్లలో ముందే పడతారు.

ఇలాంటి దరఖాస్తులన్నిటికీ ప్రాణం ఆసక్తి వ్యాసమే. పర్యావరణ శాస్త్రమంటే చిన్నప్పటి నుంచి తనకు ఎంతో ఇష్టమని, ప్రతిష్ఠాత్మకమైన సంస్థలో పనిచేయడం తన కల అని రాసిన వాక్యం ఎవరి దరఖాస్తులోనైనా ఇమిడిపోతుంది కనుక ఎంపికదారుకు ఏమీ చెప్పదు. దాని బదులు, తన ఊరి బోరునీళ్లను మూడు మోతాదుల పటికతో శుద్ధి చేసి చూసినప్పుడు ఫలానా మోతాదు దాటాక నీటిలో ఫ్లోరైడ్ ఆశించినంత తగ్గలేదని, దాని కారణం తెలుసుకోవడానికే ఫలానా ఆచార్యుల ప్రయోగశాలను ఎంచుకున్నానని అభ్యర్థి రాస్తే, ఆ రెండు వాక్యాల్లోనే అతడు చేసిన పని, ఎదురైన ప్రశ్న, ఆ ప్రయోగశాలను ఎంచుకున్న కారణం మూడూ తెలిసిపోతాయి. ఆచార్యులకు నేరుగా మెయిల్ పంపేటప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పేరు మాత్రం మార్చి వందమందికి పంపిన మెయిల్‌ను గుర్తుపట్టడం వారికి క్షణం పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయిన కోర్సులు పెరిగేకొద్దీ, అభ్యర్థి దగ్గరే డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యాపారం కూడా పెరిగింది. రోజూ పని అప్పగించి తప్పులు దిద్దే వ్యక్తి ఎవరు, చివరికి విద్యార్థి చూపగలిగే పని ఏమిటి, రుసుము ఎందుకు అడుగుతున్నారు అనే మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు రాని చోటికి దూరంగా ఉండటం మేలు.

పాఠాలు, పరీక్షలు, హాజరు

ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల్లో ఒక విడత జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాసేవారే రుసుము కట్టాలి. తుది స్కోరులో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం బరువు ఉంటుంది గనుక, తొలివారాల్లో అసైన్‌మెంట్లను నిర్లక్ష్యం చేసినవారికి ఆ నష్టాన్ని చివర పూడ్చుకోవడం కష్టం. పీజీ ప్రవేశ పరీక్షల్లో ఇంజనీరింగ్ విద్యార్థులకు ముఖ్యమైన గేట్, సైన్స్ డిగ్రీ విద్యార్థులకు ముఖ్యమైన జామ్ ఫిబ్రవరిలో జరుగుతాయి. రెండింటి దరఖాస్తులూ అంతకు ముందు సంవత్సరంలోనే ముగుస్తాయి. గేట్‌ను మూడో సంవత్సరం నుంచే రాయవచ్చని, ఆ స్కోరు మూడేళ్లపాటు చెల్లుతుందని తెలిసిన విద్యార్థి చివరి సంవత్సరపు ఒత్తిడిని ముందే కొంత దించుకోగలడు.

ఇన్ని అవకాశాలను ఒకేసారి అందుకోవాలనుకోవడం కూడా పొరపాటే. జేఎన్‌టీయూ వంటి విశ్వవిద్యాలయాల నిబంధనల ప్రకారం మొత్తం హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారు సరైన కారణం చూపి, రుసుము కట్టి కండోనేషన్, అంటే మినహాయింపు, పొందవలసి ఉంటుంది. అంతకంటే తగ్గితే సెమిస్టరు పరీక్షలకే అనర్హులవుతారు. సెమిస్టరులో మొత్తం 400 తరగతులు జరిగితే 100 వరకు వదులుకోవచ్చు. రోజుకు ఆరు తరగతుల చొప్పున అది 16 రోజులకు కాస్త ఎక్కువ. అనారోగ్యానికి, ఇంటి శుభకార్యాలకు వారం రోజులు తీసేస్తే ఉత్సవాలకు, శిబిరానికి, పోటీలకు మిగిలేది తొమ్మిది పది రోజులే. ఈ లెక్క జనవరిలోనే వేసుకున్నవారు ఆ పది రోజులను దేనికి ఖర్చుపెట్టాలో తామే నిర్ణయించుకుంటారు. వేసుకోనివారి తరఫున మార్చి నెల హాజరు పట్టిక నిర్ణయిస్తుంది.

ఎంపికకు ఒక సులభమైన సూత్రం ఉంది. ఒక్క సెమిస్టరులో తాను నడిపే పని ఒకటి, తాను నేర్చుకునే పని ఒకటి, వేసవి కోసం దరఖాస్తు చేసే పని ఒకటి, ఈ మూడింటికి మించి తలకెత్తుకోకూడదు. ఎంచుకున్న మూడూ ఒకే అంశం చుట్టూ అల్లుకుంటే శ్రమ తగ్గుతుంది: ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలో సేకరించిన నీటి వివరాలే సైన్స్ దినోత్సవ పోస్టరు కావచ్చు, ఆ పోస్టరే ఇంటర్న్‌షిప్ వ్యాసానికి ఆధారం కావచ్చు.

అభ్యాసం

1. గత ఏడాది జనవరి నుంచి మే దాకా తన విభాగపు నోటీసు బోర్డులో, వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రకటనలను విద్యార్థి సీనియర్ల సాయంతో సేకరించి, నెలలవారీగా ఒకే పేజీలో రాసుకోవాలి. చాలా కార్యక్రమాలు ఏటా దాదాపు అదే కాలంలో వస్తాయి కాబట్టి, ఈ పేజీయే రాబోయే సెమిస్టరుకు తొలి పటం.

2. వాటిలో మూడింటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి చివరి తేదీ పక్కనే పని మొదలుపెట్టవలసిన తేదీని వెనక్కి లెక్కించి రాయాలి.

3. బోనఫైడ్, మార్కుల జాబితాలు, ఫొటో, ఒక పేజీ పరిచయ పత్రం, వీటి స్కాన్ ప్రతులను ఒకే ఫోల్డరులో సిద్ధంగా ఉంచుకోవాలి.

4. సెమిస్టరు ముగిసిన వారంలోపే, పాల్గొన్న ప్రతి కార్యక్రమం గురించి తాను చేసిన పని, వచ్చిన ఫలితం, తనకు ఎదురైన ప్రశ్న అనే మూడు అంశాలను నాలుగైదు వాక్యాల్లో నమోదు చేయాలి. మూడు అకాడమీల ఫెలోషిప్ ప్రకటన వెలువడేనాటికి ఆసక్తి వ్యాసం చిత్తుప్రతి ఈ నమోదుల్లోనే సగం సిద్ధమై ఉంటుంది.